గోడ మీది చిరుత, గాలిలోని ఉప్పు

పెద్ద వాల్తేరులో మా పెద్దనాన్నగారి పాత ఇల్లు బిల్డరు చేతికి వెళ్ళబోతోంది. బీరువాలు, మంచాలు, ఇత్తడి సామాను, పుస్తకాలు అన్నీ పంపకాలయ్యాయి. హాలు గోడ మీద ఉన్న మూడు వస్తువుల దగ్గర మాత్రం పని ఆగిపోయింది. చెక్క పలకకు బిగించిన చిరుతపులి తల ఒకటి, తెరిచిన నోటితో, గాజు కళ్ళతో. కొమ్ములతో సహా అడవిదున్న పుర్రె ఒకటి. మూడోది, పాతకాలంలో ఎవరో జాలరి మిత్రుడు ఇచ్చిన రంపపు చేప ముట్టె. రెండున్నర అడుగుల పొడవు, రెండు వైపులా పళ్ళు.

అన్నయ్య ఫోను చేసి, "వీటిని కడిగించి మా ఫ్లాటులో పెట్టుకుందామనుకుంటున్నాను, దేనితో కడగాలి?" అని అడిగాడు. అప్పటికే వదిన తడిగుడ్డతో చిరుత ముఖం తుడవడం మొదలుపెట్టిందట. "ముందు వదినను ఆపమని చెప్పు అన్నయ్యా. చేతులు సబ్బుతో బాగా కడుక్కోమను. ఆ గుడ్డ మళ్ళీ వాడవద్దను" అన్నాను. ఇంత కంగారు ఎందుకని వాళ్ళకు ఆశ్చర్యం. ఇలాంటివి ఇంట్లో ఉంటే చట్టం ఏమంటుందో, వాటిలో ఏ విషం ఉండవచ్చో, వాటిని ఎలా కాపాడుకోవాలో ఆ రోజు ఫోనులో గంటసేపు చెప్పాను. అదే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇలాంటి తలలు, కొమ్ములు ఉన్న పాత ఇళ్ళు మహారాణిపేటలోనూ, వాల్తేరు అప్‌ల్యాండ్స్‌లోనూ, వన్‌టౌన్‌లోనూ ఇంకా ఉన్నాయి. అవి కూడా ఒక్కొక్కటిగా అపార్టుమెంట్లవుతున్నాయి.

ఈ ఊళ్ళో ఇవి ఎందుకున్నాయో కూడా చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే దాకా జయపురం సంస్థానపు అడవులు మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లా కిందే ఉండేవి. జమీందార్లు, తెల్లదొరలు, కలప కాంట్రాక్టర్లు కొండల్లో వేటాడినవి కింద తీరంలోని బంగళాల గోడలెక్కేవి. 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత క్రికెట్ జట్టుకు నాయకుడైన విజయనగరం మహరాజకుమార్ మూడు వందలకు పైగా పులులను కాల్చానని చెప్పుకునేవారు. అప్పట్లో అది హోదా. 1970లో పులుల వేటను నిషేధించారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. గోడ మీద ఉన్నవి అలాగే ఉండిపోయాయి గాని, వాటి స్వభావం మాత్రం చట్టం దృష్టిలో మారిపోయింది.

చట్టం 'ట్రోఫీ' అనే మాటకు చాలా విశాలమైన అర్థం ఇచ్చింది. చర్మం లోపల కూరి నిలబెట్టిన జంతువు ఒక్కటే కాదు. చర్మం, ఎముక, కొమ్ము, గోరు, పన్ను, దంతం, వెంట్రుక, ఈక, గుడ్డు, తాబేటి చిప్ప, పగడపు దిబ్బ ముక్క కూడా అందులోకి వస్తాయి. మెడలో పులిగోరు వేసుకున్న పసివాడి పాత ఫోటో చాలా ఇళ్ళలో కనిపిస్తుంది. ఆ గోరు కూడా ట్రోఫీయే. సహజంగా రాలిన నెమలి పింఛానికి మాత్రం మన దేశంలో మినహాయింపు ఉంది.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. మామూలుగా నేరం చేశాడని నిరూపించే బాధ్యత ప్రభుత్వానిది. ఈ చట్టంలోని 57వ సెక్షన్ ప్రకారం ట్రోఫీ ఒకరి దగ్గర ఉందని తేలితే, అది అక్రమంగా ఉన్నదనే భావించి మొదలుపెడతారు. సక్రమమేనని నిరూపించుకోవలసింది ఆ ఇంటివారే. మొదటి షెడ్యూల్‌లోని, అంటే చట్టం అన్నిటికన్నా ఎక్కువ రక్షణ ఇచ్చిన జాబితాలోని జంతువుకు సంబంధించిన నేరమైతే మూడు నుంచి ఏడేళ్ళ జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. చిరుత, అడవిదున్న, రంపపు చేప మూడూ మొదటి షెడ్యూల్‌లోవే. "మా తాతగారు కొట్టింది, నేను కాదు" అనే మాట ఒక్కటీ అక్కడ చాలదు. దాని వెనుక కాగితం ఉండాలి.

ఆ కాగితం పేరు యాజమాన్య ధ్రువపత్రం. చట్టం వచ్చిన కొత్తలో తమ దగ్గరున్నవాటిని ప్రకటించి కొందరు తీసుకున్నారు. తీసుకోనివారికి 2003లో కేంద్రం ప్రత్యేక నియమాలు చేసి 180 రోజుల గడువిచ్చింది. ఆ గడువులో ప్రకటించినవారికి రక్షణ దొరికింది. మా పెద్దనాన్నగారు చాలా పద్ధతి గల మనిషి. రేకు పెట్టెలో ఇంటి పన్ను రసీదుల మధ్య ఆ ధ్రువపత్రం దొరికింది. చిరుత తల, అడవిదున్న పుర్రె రెండూ అందులో ఉన్నాయి. రంపపు చేప ముట్టె లేదు. చేపను కూడా వన్యప్రాణిగా చూస్తారని ఆయనకు తట్టి ఉండదు. 2001లో రంపపు చేపలను మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. గోడ మీద అలంకారంగా వేలాడే వస్తువు ఆనాటి నుంచి చట్టం పరిధిలోకి వచ్చేసింది.

ధ్రువపత్రం ఉన్నంత మాత్రాన పని అయిపోదు. అది తరువాతి తరానికి దానంతట అదే చేరదు. మొదటి షెడ్యూల్ జంతువుల ట్రోఫీలను కొనకూడదు, బహుమతిగా పుచ్చుకోకూడదు. వారసత్వంగా మాత్రం రావచ్చు. అలా వచ్చిన 90 రోజుల లోపు వారసులు రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు గాని, ఆయన అధికారమిచ్చిన అధికారికి గాని ప్రకటన ఇవ్వాలి. ఆ తరువాత అధికారులు వచ్చి చూసి, విచారించి, గుర్తు వేసి, కొత్త ధ్రువపత్రం ఇస్తారు. మన ఇళ్ళలో పెద్దవారు పోయాక మాసికాలు, సంవత్సరీకం, బ్యాంకు ఖాతాలు, ఇంటి కాగితాలు ఇవన్నీ చూసుకునేసరికి ఆరు నెలలు గడిచిపోతాయి. గోడ మీది తల ఎవరికీ గుర్తు రాదు. పెద్దనాన్నగారు పోయి అప్పటికి డెబ్బై రెండు రోజులు. అన్నయ్య ఫోను చేయడం ఇంకో మూడు వారాలు ఆలస్యమైతే ఈ వ్యాసం వేరేలా ఉండేది.

అమ్మడం అసలు కుదరదు, ధ్రువపత్రం ఉన్నా సరే. వేరే రాష్ట్రానికి ఇల్లు మారి ట్రోఫీని వెంట తీసుకువెళితే 30 రోజుల లోపు అక్కడి అధికారికి తెలియజేయాలి. హైదరాబాదుకు మారే విశాఖ కుటుంబాలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ఇప్పుడవి రెండు రాష్ట్రాలు కాబట్టి. ఉంచుకోవడం ఇష్టం లేకపోతే 2022 సవరణ ఒక మంచి దారి చూపింది. ధ్రువపత్రం ఉన్నవారు ఏడు పనిదినాల ముందు నోటీసు ఇచ్చి ట్రోఫీని ప్రభుత్వానికి అప్పగించవచ్చు. డబ్బు రాదు గాని మనసుకు భారం తగ్గుతుంది. ఆ సవరణే షెడ్యూళ్ళను ఆరు నుంచి నాలుగుకు కుదించి చాలా జంతువుల స్థానాలు మార్చింది. కాబట్టి పాత పుస్తకం చూసి "ఇది మూడో షెడ్యూల్‌లే, ఫరవాలేదు" అనుకోవద్దు.

ధ్రువపత్రం లేని వస్తువు ఉంటే? రాత్రివేళ సముద్రంలో పారేయడం, చెత్తబండిలో వేయడం, తెలిసినవాళ్ళకు ఇచ్చేయడం ఇవన్నీ మరింత చిక్కు తెస్తాయి. న్యాయవాదిని ఒకసారి అడిగి, అటవీ శాఖకు లిఖితపూర్వకంగా తెలియజేయడమే సరైన దారని నా అభిప్రాయం. మేము ఆ రంపపు ముట్టె విషయంలో అదే చేస్తున్నాం. ఆర్కే బీచ్‌లో ఉదయపు నడకలో దొరికిన ఆలివ్ రిడ్లీ తాబేలు చిప్పకూ, కంబాలకొండ దారిలో కనిపించిన జింక కొమ్ముకూ ఇదే వర్తిస్తుంది. అవి ప్రభుత్వ ఆస్తి. చేతికి వస్తే 48 గంటల్లోపు పోలీసు స్టేషనులో గాని అటవీ అధికారికి గాని చెప్పాలి. అసలు ఉన్నచోటే వదిలేయడం అన్నిటికన్నా సులువు.

ఇక వదిన చేతిలోని తడిగుడ్డ సంగతి. పచ్చి చర్మం పురుగులకు విందు. అది వందేళ్ళు నిలవాలంటే పురుగు తినలేనిదేదో దానికి పట్టించాలి. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్సుకు చెందిన బెకూర్ అనే ఆయన సబ్బు, కర్పూరం, సున్నం వంటివాటితో తెల్లపాషాణం కలిపి ఒక ముద్ద తయారు చేశాడు. తెల్లపాషాణమంటే ఆర్సెనిక్. చర్మం లోపలి వైపు దాన్ని పూసేవారు. ఆ తరువాత రెండు వందల ఏళ్ళ పాటు ప్రపంచమంతా అదే పద్ధతి. మన దేశంలో పులి, చిరుత తలల పనికి పేరుమోసిన మైసూరులోని వాన్ ఇంగెన్ సంస్థ ఇరవయ్యో శతాబ్దం పొడవునా పనిచేసి 1999లో మూతపడింది. కాగితపు గుజ్జుతో అచ్చులు పోసి వాటి మీద చర్మం తొడగడంలో వాళ్ళు సాటిలేనివారు. వాళ్ళూ ఆర్సెనిక్ వాడినవారే. కొన్నిచోట్ల పాదరసపు లవణాలు, ఆ తరువాతి కాలంలో డీడీటీ కూడా పట్టించారు.

ఆర్సెనిక్ ఖనిజ విషం. కాలం గడిస్తే విరిగిపోదు, ఆవిరై పోదు. 1930లో పూసినది ఈ రోజుకీ అంతే విషం. పైగా చర్మం ముడుచుకుని చిట్లే కొద్దీ పొడిగా బయటికి వస్తుంది. కళ్ళ చుట్టూ, చెవుల మొదట్లో, కుట్ల వెంట తెల్లటి పొడిలా కనిపిస్తే అదే కావచ్చు. కనిపించకపోతే లేదని కాదు. తడిగుడ్డ పెడితే అది కరిగి వెంట్రుకల మీదికి, అక్కడి నుంచి చేతికి వస్తుంది. ఈకల కుంచె పెడితే గాలిలోకి లేస్తుంది. మామూలు వాక్యూమ్ క్లీనరు పెడితే సన్నని పొడి వెనుక నుంచి గదంతా చిమ్ముతుంది. 1980కి ముందుదైన ఏ చర్మపు ట్రోఫీలోనైనా విషం ఉందనే అనుకుని మొదలుపెట్టడం మంచిది. రసాయన పరీక్ష చేయించగలిగితే ఇంకా మంచిది.

పాత సామానంతా భోగి మంటలో వేసే అలవాటు మనది. వీటిని మాత్రం ఎన్నడూ వేయకూడదు. ఆర్సెనిక్ మంటలో పొగగా మారి చుట్టూ ఉన్నవాళ్ళ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మంట చుట్టూ చేరేది పిల్లలే.

ఇక్కడే ఒక ఊరట కూడా ఉంది. చర్మం లేని ఒట్టి పుర్రెకు ఈ భయం చాలా తక్కువ. పుర్రెకు పురుగు పట్టదు కాబట్టి విషం పూసే అవసరం పెద్దగా ఉండేది కాదు. అందుకే అన్నయ్యతో, చిరుతను ముట్టుకోవద్దు, దున్నపుర్రెను నువ్వే చూసుకోవచ్చు అని చెప్పాను.

చట్టపు చిక్కు, విషం తరువాత మూడో శత్రువు మన సముద్రం. విశాఖలో ఏడాదిలో ఎక్కువ రోజులు గాలిలో తేమ అధికం. అరవై అయిదు శాతం దాటితే చర్మానికి, జిగురుకు, వెంట్రుకకు బూజు పట్టడం మొదలవుతుంది. దానికి తోడు ఉప్పు. అలల తుంపరలతో లేచే సన్నని ఉప్పు కిటికీ గుండా వచ్చి అన్నిటి మీదా కూర్చుంటుంది. గాలిలో తేమ డెబ్బై అయిదు శాతం చేరితే ఆ ఉప్పు తనంతట తాను నీరు పీల్చి ద్రవమవుతుంది. అంటే అలాంటి రోజుల్లో మన ట్రోఫీ మీద కంటికి కనిపించని ఉప్పునీటి పొర ఉంటుంది. పాత తలల లోపల ఇనుప తీగ, మేకులు, చెక్కపలక వెనుక మరలు ఉంటాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. పెదవుల దగ్గరా, ముక్కు మీదా చర్మం చీలి గోధుమరంగు మరకలు కనిపిస్తే కారణం లోపలి తీగ తుప్పు. పై నుంచి రంగు వేసి కప్పితే ప్రయోజనం లేదు. పోర్టు వైపు ఇళ్ళలో అయితే ఉప్పుకు తోడు బొగ్గు, ఇనుప ఖనిజపు ధూళి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరాన్ని తాకినప్పుడు ఆ హాలు కిటికీ అద్దాలు పగిలి వాన లోపలికి కొట్టింది. రోజుల తరబడి కరెంటు లేదు, ఫ్యాను లేదు. పదిరోజుల తరువాత చిరుత చెవుల వెనుక ఆకుపచ్చ బూజు. పెద్దనాన్నగారు ఎండలో పెట్టారు. అది సహజంగా అందరికీ తోచే పని, కాని తప్పు పని. తడిసిన చర్మం ఎండలో ఒక్కసారిగా బిగుసుకుని దవడ దగ్గర రెండు అంగుళాల మేర చీలింది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు వెంట్రుకల రంగు కూడా లాగేస్తాయి. అలాంటప్పుడు నీడలో, నెమ్మదిగా గాలి ఆడే చోట, చేతి తొడుగులు, మాస్కు వేసుకుని, కింద కాగితాలు పరచి ఆరనివ్వాలి.

తేమ ఎంత ఉందన్నదాని కంటే ఎంత ఎగుడుదిగుడుగా ఉందన్నది ముఖ్యం. రాత్రి ఏసీ వేసి పొద్దున్నే కిటికీలు తెరిచే పడకగదిలో ట్రోఫీ రోజుకొకసారి ముడుచుకుని ఉబ్బుతుంది. చిరుత కోరలు పొడవునా పగిలేది ఇలాగే. ఎప్పుడూ ఏసీ లేని, బయటి గోడ కాని, వంటింటి ఆవిరీ సాంబ్రాణి పొగా చేరని లోపలి గోడ దీనికి తగిన చోటు. బయటి గోడలు అక్టోబరు, నవంబరు వానల్లో చెమ్మ పీలుస్తాయి, వాటి గుండా చెదలు చెక్కపలకను చేరతాయి. పలకకు, గోడకు మధ్య అంగుళం ఖాళీ ఉండేలా బిగించండి. ఆ ఖాళీ వల్ల గాలి ఆడుతుంది, చెదల మట్టిదారి కంటపడుతుంది. కొన్ని వందల రూపాయలకు దొరికే తేమ కొలిచే చిన్న పరికరాన్ని పక్కనే పెట్టుకుంటే ఊహలతో పని లేదు. గాజుపెట్టెలో పెట్టగలిగితే ఉప్పు, ధూళి, పిల్లల చేతులు అన్నీ దూరంగా ఉంటాయి.

వెంట్రుకలు రాలి కింద పడుతున్నా, సన్నని ఇసుకలాంటి రెట్ట కనిపించినా తోలుపురుగు పట్టిందని అర్థం. నాఫ్తలీన్ ఉండలు గుప్పించకండి. అవి పురుగును సరిగా చంపవు, మనిషికి మాత్రం మంచివి కావు. మ్యూజియంలలో వస్తువును గాలి చొరకుండా పాలిథీన్‌లో చుట్టి రెండు వారాలు గడ్డకట్టే చలిలో ఉంచుతారు. ఇంట్లో తిండి పెట్టుకునే ఫ్రిజ్‌లో ఆ పని చేయరాదు, కారణం పైన చెప్పిందే.

ఇప్పుడు దున్నపుర్రె. కొమ్ము అని మనం ఒకే మాట వాడతాం గాని అందులో రెండు రకాలున్నాయి. జింక, దుప్పి తలమీది చీలికల కొమ్ము పూర్తిగా ఎముక. ఏటేటా రాలి మళ్ళీ పెరుగుతుంది. దున్న, గేదె, పొట్టేలు కొమ్ము అలా రాలదు. లోపల ఎముక బొడిపె, దాని మీద గోటి పదార్థంతో ఏర్పడిన తొడుగు. భద్రాచలం వైపు కొమ్ము కోయలు తరతరాలుగా దాచుకుని నాట్యంలో తలకు ధరించే అడవిదున్న కొమ్ములు ఆ తొడుగులే. కాలం గడిస్తే తొడుగుకూ ఎముకకూ మధ్య పట్టు సడలుతుంది. కొమ్ములు పట్టుకుని పుర్రెను ఎత్తితే తొడుగు చేతిలో ఉండి పుర్రె కాళ్ళ మీద పడుతుంది. రెండు చేతులూ కింద పెట్టి ఎత్తాలి. చెంప ఎముక వంపును పట్టుకోకూడదు, అన్నిటికన్నా ముందు విరిగేది అదే.

పుర్రె మీది ధూళికి పొడి మెత్తని కుంచె చాలు. పసుపు జిడ్డు కనిపిస్తే అది ఎముకలో మిగిలిన కొవ్వు. వార్నిష్ వేస్తే ఆ కొవ్వు లోపలే బందీ అయి పైన మరింత పచ్చబడుతుంది. బ్లీచింగ్ నీళ్ళు అంతకంటే పెద్ద పొరపాటు. ఎముకలో మూడో వంతు మాంసకృత్తు. గట్టిదనం ఖనిజానిదైతే పట్టు దానిది. బ్లీచు ఆ పట్టును కరిగించేస్తుంది. ఆ రోజు తెల్లగా మెరిసిన పుర్రె రెండేళ్ళలో సుద్దముక్కలా రాలుతుంది.

పుర్రెల అందం మీద నిజంగా ఇష్టం ఉన్నవారికి ఈ చిక్కులేవీ లేని దారి ఒకటుంది. మేక, పొట్టేలు, గేదె వన్యప్రాణులు కావు. మాంసం కొట్టులో అడిగి పొట్టేలు తల తెచ్చుకుని మీరే తయారు చేసుకోవచ్చు. ఉడకబెట్టవద్దు. మరిగే నీటిలో కొవ్వు ఎముకలోకి ఇంకుతుంది, ఎముక పట్టు సడలుతుంది. మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్టులో మామూలు నీళ్ళు పోసి మేడ మీద ఓ మూల ఉంచండి. మన ఊరి వెచ్చదనానికి మూడు నాలుగు వారాల్లో మాంసమంతా విడిపోతుంది. వాసన భరించరానిది. పొరుగువారితో ముందే చెప్పడం మర్యాద. నీళ్ళు మార్చేటప్పుడు జల్లెడ అడ్డం పెట్టండి, ఊడిన పళ్ళు అందులోనే ఉంటాయి. తరువాత గిన్నెలు తోమే ద్రావకం కలిపిన గోరువెచ్చని నీటిలో నానబెట్టి, జిడ్డు తేలడం ఆగే దాకా కొన్ని రోజులకొకసారి మారుస్తూ ఉండాలి. ఈ ఒక్క పనికే నెలా రెండు నెలలు పట్టవచ్చు. తొందరపడ్డవాళ్ళ పుర్రెలే ఏడాది తిరక్కుండా పచ్చబడతాయి. చివరిగా మందుల దుకాణంలో దొరికే ఆరు శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌కు సమానంగా నీళ్ళు కలిపి ఒక రోజు ఉంచితే చాలు. మూత గట్టిగా బిగించకూడదు, లోపల పుట్టే వాయువుకు డబ్బా పగులుతుంది. కొమ్ము తొడుగులను ఇందులో ముంచితే రంగు పోతుంది, వాటిని విడిగా ఆరబెట్టి తరువాత అతికించాలి. ఊడిన పళ్ళకు ఫెవికాల్ సరిపోతుంది.

ఇంట్లో పుర్రె ఏమిటని పెద్దవాళ్ళు కోప్పడవచ్చు. వాళ్ళ మాటను నేను తేలిగ్గా తీసుకోను. పూజగది ఉన్న గోడకు కాకుండా చదువుకునే గదిలో పెట్టుకుంటే మా ఇంట్లో సర్దుబాటైంది.

మా ప్రకటన పత్రం గడువులోనే అటవీ కార్యాలయానికి చేరింది. చిరుతను అప్పగించాలా, గాజుపెట్టె చేయించాలా అన్నది అన్నయ్య, వదిన ఇంకా తేల్చుకోలేదు. ఏది తేల్చినా సరే, ఈలోపు ఒక పని మాత్రం చేశాం. చేతి తొడుగులు వేసుకుని దాన్ని దించి, చెక్కపలక వెనుక మందపాటి కాగితం అతికించాం. దాని మీద ధ్రువపత్రం నంబరు, మా ప్రకటన తేదీ, ఆ కింద అన్నయ్య పెద్ద అక్షరాలతో రాశాడు: "దీనిలో ఆర్సెనిక్ ఉండవచ్చు. ఒట్టి చేతులతో ముట్టరాదు, తడపరాదు, కాల్చరాదు. ఇంటి పెద్ద మరణిస్తే 90 రోజుల లోపు అటవీ శాఖకు తెలియజేయాలి."